వైరు మీద బొంత కప్పకు వదినా

వదినా, ఓసారి గోడ దగ్గరికి రా. పొద్దున్న ట్రాలీ ఆటోలోంచి అన్నయ్య దింపించిన ఆ తెల్ల కట్టలు థర్మాకోలే కదూ? వాటి పక్కన చుట్టచుట్టి తళతళలాడుతున్నదేంటి, బబుల్ షీటా? ఏం చేయించబోతున్నారు?

“అమ్మాయి పురిటికొస్తంది కదా టీచరమ్మా. ఎండలు ముదిరిపోనాయి. పసిగుడ్డుని ఈ ఉడుకులో ఎలగ పడుకోబెడతాం? అటక మీద థర్మాకోల్ పరిచేసి, ఎనక గది రేకుల కింద ఆ మెరుపు షీటు కొట్టించేసి, ఏసీ ఒకటి పెట్టించేద్దుమని మీ అన్నయ్య అంటన్నాడు.”

మంచి పనే. వద్దని నేనెందుకంటాను? మన టెక్కలి ఎండ రెంటచింతల ఎండలా పేపరుకెక్కేది కాదు గానీ, సముద్రం దగ్గర కాబట్టి ఒంటికి పట్టిన చెమట ఆరదు. రాత్రి పదకొండయినా పెంకుల వేడి కిందికి దిగుతూనే ఉంటుంది. బాలింతకీ బిడ్డకీ చల్లని గది ఉండాల్సిందే. నేనడిగేది ఒక్కటే. అటక మీద కరెంటు వైర్లు ఎక్కడెక్కడ ఉన్నాయో ఎవరైనా ఎక్కి చూశారా?

“వైర్లతోటి మనకేటి పని? అవి వాటి పాటికవి ఉంటాయి. థర్మాకోల్ వాటి మీద పరిచేయడమే కదా.”

అలా పరిచేస్తారనే నా భయం, వదినా. అందుకే పిలిచాను.

అటక మీద ఏదో ఒకటి పరిచి ఎండని ఆపడం మనకి కొత్త కాదు. మా అమ్మమ్మగారింట్లో అటక నిండా ఎండుగడ్డీ, గోగునార కట్టలూ, పాత సామానూ ఉండేవి. ఆ కింద గది మిట్టమధ్యాహ్నం కూడా చల్లగా ఉండేది. రేకులిళ్ల వాళ్లు గోనెసంచులు తడిపి పైన పరిచేవారు. నెల్లిమర్ల జూట్ మిల్లున్న సీమ మనది, గోనెలకి కరువేముంది? ఇంకొందరు రేకుల మీదికి ఆనపపాదు పాకించేవారు. ఇప్పటికీ పాకిస్తున్నారు. కానీ ఆ రోజుల్లో అటకల్లో కరెంటు లేదు. మీ అటక సంగతి వేరు. మీ మామగారి కాలంలో బద్దె వైరింగు వేయించారు. రెండు బల్బులూ ఒక ఫ్యానూ రేడియో, అంతే. ఆ మీద ఫ్రిజ్‌కని ఒక వైరు, మోటారుకని ఒకటి, మిక్సీకని ఇంకొకటి. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకి వెనక గది రేకులు లేచిపోతే కొత్త రేకులు వేశారు, ఆ గదికి కరెంటు మటుకు ‘ఇప్పటికి ఇలా లాగేద్దాం’ అని అటక మీంచే లాగేశారు. ఆ వైరు ఇప్పటికీ అలాగే పడి ఉంది. తుపాను తర్వాత ఆదరాబాదరాగా లాగినవి ఉద్దానంలో ఎన్ని ఇళ్లల్లో ఇంకా అలాగే ఉన్నాయో!

ఇప్పుడు అసలు సంగతి విను. కరెంటు పారే ప్రతి వైరూ వేడెక్కుతుంది. ఇది నేను పదో తరగతి పిల్లలకి ఏటా చెప్పిన పాఠమే: వైరులో కరెంటు రెట్టింపయితే అందులో పుట్టే వేడి నాలుగు రెట్లవుతుంది. ఆ వేడి ఎప్పటికప్పుడు చుట్టూ ఉన్న గాలిలోకి పోతుంటే ఏ గొడవా లేదు. మనం థర్మాకోల్ తెచ్చేదే వేడిని దాటనివ్వకుండా ఆపడానికి. పైనుంచొచ్చే ఎండని మాత్రం ఆపు, వైరులో పుట్టిన వేడిని వదిలెయ్ అని చెబితే దానికేం తెలుస్తుంది? రెండింటినీ ఆపుతుంది. జ్వరమొచ్చిన మనిషికి నడివేసవిలో బొంత కప్పినట్టే. మన ఇళ్లల్లో వాడే మామూలు పీవీసీ తొడుగు 70 డిగ్రీల దాకా తట్టుకుంటుంది. అది దాటి రోజూ కాగుతూ ఉంటే గట్టిపడుతుంది, పెళుసెక్కుతుంది, బీటలు వారుతుంది, లోపలి రాగి బయటపడుతుంది. ఇదంతా ఒక్కరోజులో జరిగేదీ కాదు, కళ్లకి కనిపించేదీ కాదు.

బ్రిటన్‌లో అటక మీద రాతి ఊలు, గాజు ఊలు పరుచుకోవడం ఇంటింటా జరిగే పని. వాళ్లకి చలి బాధ, మనకి ఎండ బాధ, పని మాత్రం ఒక్కటే. 270 మిల్లీమీటర్లు, అంటే జానెడుకి కాస్త ఎక్కువ మందం పరుచుకోమని అక్కడ చెబుతారు. అంతంత పరుస్తారు కాబట్టి ఆ పొర కింద వైరు ఎంత కరెంటు మోయగలదో లెక్క కట్టి పట్టికలు వేసి పెట్టుకున్నారు. రెండున్నర చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, మన వైర్‌మ్యాన్లు ‘టూ పాయింట్ ఫైవ్’ అంటారే, అదే. వాళ్లు ఇళ్లల్లో వాడే బల్లపరుపు వైరు గోడకి కొట్టి గాలికి వదిలేస్తే 27 ఆంపియర్లు మోస్తుంది. సీలింగు మీద ఆనించి, పైన 100 మిల్లీమీటర్లకి మించిన పొర కప్పితే 17. అన్ని వైపులా పొరలో మునిగిపోతే పదమూడున్నర. సరిగ్గా సగానికి సగం పడిపోయింది, చూశావా?

అది కూడా చుట్టూ గాలి 30 డిగ్రీలుంటే లెక్క. మన పెంకుల కింద, రేకుల కింద మే నెల మధ్యాహ్నం 30 ఎక్కడుంటుంది? 50 అనుకుందాం. అప్పుడు ఆ మోసే బలాన్ని మళ్లీ 0.71 తో గుణించాలి. పదమూడున్నర కాస్తా తొమ్మిదిన్నర దగ్గరికి దిగుతుంది.

“తొమ్మిదిన్నర అంటే ఎంత? దేనికి చాలుద్ది?”

అదీ అడగాల్సింది. రెండు వేల వాట్ల గీజరు ఒక్కటే ఎనిమిదీ ముప్పావు ఆంపియర్లు లాగుతుంది. బాలింతకి వేణ్ణీళ్లు కావాలి కదా, గీజరు ఆన్‌లో ఉంటుంది. లోపల టన్నున్నర ఏసీ తిరుగుతూ ఉంటుంది, అది ఇంకో ఏడో ఎనిమిదో. రెండూ ఆ తిత్లీనాటి వైరు మీదే నడిపిస్తే ఇంచుమించు పదహారవుతుంది. తొమ్మిదిన్నర మోసే వైరు మీద పదహారు.

“మెయిన్ దగ్గర ఎంసీబీ ఉంది కదా, ఎక్కువైతే అదే పడిపోద్ది కదా?”

పడదు వదినా. ఈ విషయం చాలామందికి తెలియదు, మా బడిలో తోటి సైన్సు టీచర్లకి కూడా చెప్పాల్సి వచ్చింది. ఎంసీబీ మెయిన్ బోర్డులో ఉంటుంది. దానికి తెలిసేది తనలోంచి ఎంత కరెంటు పోతోందనేది మాత్రమే. అటక మీద వైరు కాగుతోందా చల్లగా ఉందా అన్నది దానికి తెలిసే దారి లేదు. పదహారు ఆంపియర్ల ఎంసీబీ పద్దెనిమిది దాకా గంటసేపు పడకుండా నిలబడాలన్నది దాన్ని తయారుచేసే లెక్కే. ఇరవైమూడు దాటితేనే గంటలోపు కచ్చితంగా పడాలి. వైరు గాలిలో ఉన్నప్పుడు ఆ లెక్క సరిపోయింది. పైన పొర కప్పాక వైరు బలం తగ్గింది, ఎంసీబీ మాత్రం మారలేదు. ఆ మధ్య ఖాళీలోనే వైరు రోజూ కాగుతుంది.

ఇంకో సంగతి. థర్మాకోల్ పీవీసీ వైరుకి తగలకూడదు. పీవీసీని మెత్తగా ఉంచడానికి కలిపే నూనెలాంటి పదార్థం ఒకటుంటుంది. థర్మాకోల్ ఆనుకుని ఉంటే అది మెల్లగా అందులోకి పాకిపోతుంది. కొన్నేళ్లకి వైరు తొడుగు ఎండిన ఆనపతీగలా గట్టిపడి వంచితే పగులుతుంది, థర్మాకోల్ ఆ మేర జిగటగా కరిగి గుంటపడుతుంది. పైగా థర్మాకోల్‌కి నిప్పు తగిలితే కరిగి మండుతూ కిందికి చుక్కలు పడతాయి, నల్లటి పొగ. మంటలు త్వరగా అంటుకోని రకం విడిగా దొరుకుతుంది, కొనేటప్పుడు అడిగి తెచ్చుకోవాలి. మీరు తెచ్చినది ఏ రకమో దుకాణంలో ఒకసారి కనుక్కోమను.

ఊక, ఎండుగడ్డి, గోనెలు మాత్రం వైర్లున్న అటక మీద అసలొద్దు. మా అమ్మమ్మ అటక కింద చల్లగా ఉండేది నిజమే, అక్కడ కరెంటు లేదన్నదీ నిజమే.

ఇక ఆ మెరుపు షీటు గురించి. దీని మీద కాస్త ఎక్కువసేపే చెబుతాను, ఏమనుకోకు. అది అల్యూమినియం రేకు. ఎండని వెనక్కి కొట్టడంలో మంచిదే, నేను కాదనను. కానీ లోహం. దాన్ని స్టేప్లర్ పిన్నులతో వాసాలకి కొడతారు. పిన్ను వెనక ఒక వైరు ఉండి, దాని తొడుగులోంచి పిన్ను దూరిందనుకో, ఆ షీటు మొత్తానికి కరెంటు వచ్చేస్తుంది. ఊహించి చెప్పడం లేదు. 2009లో ఆస్ట్రేలియా ప్రభుత్వం ఇళ్ల అటకల్లో ఇన్సులేషన్ వేయించే పెద్ద పథకం మొదలుపెట్టింది. పని కావాలని కుర్రాళ్లు బోలెడుమంది చేరారు, చాలామందికి నేర్పినవాళ్లు లేరు. కొన్ని నెలల్లోనే నలుగురు చచ్చిపోయారు. ముగ్గురు కరెంటు తగిలి, ఒక్కడు అటకలో వేడి తట్టుకోలేక. కరెంటు తగిలినవాళ్లలో ఇద్దరు ఇలాంటి రేకుషీటుని లోహపు పిన్నులతో కొడుతున్నవాళ్లే. మొదటివాడు పోయాక ఆ ఏడాది నవంబరులో లోహపు పిన్నులు నిషేధించారు. అయినా 2010 ఫిబ్రవరిలో మరో కుర్రాడు పోయాడు. ఆ నెలలోనే పథకం ఆపేశారు, దాని మీద రాయల్ కమిషన్ విచారణ జరిగి 2014లో నివేదిక వచ్చింది. అంత లెక్కాపత్రం ఉండే దేశంలోనే అలా అయింది. రేపు మీ ఇంటికి షీటు కొట్టడానికొచ్చే కుర్రాళ్లూ ఆ వయసువాళ్లే వదినా, వాళ్లకీ అమ్మలున్నారు. వాళ్లు ఎక్కేముందు మెయిన్ ఆపించడం మన పూచీ.

మీ వెనక గదికి ఇంకో సమస్య కూడా ఉంది. రేకులు సిమెంటువే గానీ వాటి కింద ఇనప గొట్టాలున్నాయి. షీటు ఆ గొట్టాలకి తగులుతుంది. ఆ గొట్టానికేగా నువ్వు బట్టలారేసే జీఐ తీగ కట్టావు? చూడు, ఇక్కణ్ణించే కనిపిస్తోంది. ఎక్కడో అటక మీద ఒక వైరు ఒలిచిపోతే షీటుకీ, షీటులోంచి గొట్టానికీ, గొట్టంలోంచి తీగకీ కరెంటు పాకుతుంది. తడిబట్ట తీసుకుని నువ్వు ఆ తీగ ముట్టుకుంటావు. బట్టలారేస్తూ పోయినవాళ్ల వార్తలు ప్రతి వానాకాలం పేపర్లో చదువుతూనే ఉన్నాం. ముందు ఆ తీగ తీసేసి నైలాన్ తాడు కట్టు. ఇవాళే కట్టు. స్తంభం నుంచి వచ్చే సర్వీసు వైరు కూడా రేకు అంచుని రాసుకుంటోంది, గాలికి ఊగినప్పుడల్లా అక్కడ అరుగుతుంది. దాన్ని మీరు ముట్టుకోవద్దు, 1912కి ఫోన్ చేసి చెప్పండి, లైన్‌మ్యాన్ వచ్చి సరిచేస్తాడు.

“అయితే ఏటి సెయ్యమంటావు? మానీమంటావా?”

మానొద్దు. వరస మార్చమంటాను.

అన్నిటికంటే ముందు పైకప్పు బయటి వైపు తెల్లగా చేయించు. ఎండని పడ్డచోటే వెనక్కి పంపే తెల్లరంగు, లేదంటే మంచి సున్నం. రేకుల మీదా వేయొచ్చు, డాబా మీదా వేయొచ్చు. ఈ పనిలో వైర్ల జోలికే పోము. నన్నడిగితే మనలాంటి ఇళ్లకి మొదట పెట్టాల్సిన డబ్బు ఇక్కడే. తెలంగాణ ప్రభుత్వం 2023లో ఏకంగా కూల్ రూఫ్ పాలసీ అని అయిదేళ్లకి ఒకటి తెచ్చింది, ఇళ్ల పైకప్పులు ఇలా చల్లబరచడానికి. మామూలు సిమెంటు రేకుల్లో ఆస్బెస్టాస్ ఉంటుంది, వాటిని డ్రిల్ చేయడం, రంపంతో కోయడం, గరుకు కాగితంతో రుద్దడం వద్దు, ఆ దుమ్ము ఊపిరితిత్తులకి చేటు. తడి గుడ్డతో తుడిచి రంగు వేయించు.

ఆ తర్వాత అటక. కట్టలు విప్పకముందే లైసెన్సున్న వైర్‌మ్యాన్‌ని పిలు. మా తమ్ముడు వచ్చేవారం నౌపడా నుంచి వస్తాడు, వాడు చేసేది ఈ పనే. వాడొచ్చేదాకా ఆగితే ఇంకా మంచిది. పొద్దున్నే ఎక్కాలి. తొమ్మిది దాటాక అటకలో మనిషి ఉండలేడు, ఇందాక చెప్పాను కదా, వేడికి పోయిన ఆ కుర్రాడి సంగతి. ఎక్కేముందు మెయిన్ ఆపి, ఇన్వర్టరు కూడా ఆపాలి. ఇది మర్చిపోతారు. కరెంటు పోయింది కదా అని ధీమాగా ఎక్కుతారు, ఇన్వర్టరు మాత్రం ఫ్యాన్ల వైరుకీ లైట్ల వైరుకీ కరెంటు ఇస్తూనే ఉంటుంది. టెస్టరుతో ప్రతి వైరూ చూశాకే చెయ్యి పెట్టాలి. కింద ఒక మనిషి కాపలా ఉండాలి.

పాత బద్దె వైరింగులో అల్యూమినియం వైరు గాని, టేపు చుట్టిన అతుకులు గాని ఉంటే అవి తీసేసి కొత్త రాగి వైరు వేయించెయ్యి. డబ్బు అవుతుంది, తప్పదు. వైర్లన్నీ ఐఎస్ఐ పైపుల్లో పెట్టి, దూలం పక్కన పైకి లేపి శాడిళ్లతో బిగించాలి. అటక చెక్కకి జానెడు పైన ఉంటే చాలు. ఆ కింద నువ్వు థర్మాకోల్ పరుచుకో, గాజు ఊలు పరుచుకో, నీ ఇష్టం. వైరు పైన గాలిలో ఉంటుంది, పొర కింద ఉంటుంది, ఒకదానికొకటి తగలదు. పైపులుంటే ఎలకల బెడదా తగ్గుతుంది. మెత్తటి పొర పరిస్తే ఎలక అక్కడే గూడు పెడుతుంది, పక్కనే వైరు దొరికితే కొరక్క మానదు.

ఎక్కడైనా వైరు పొరలోంచి దాటక తప్పకపోతే ఆ ముక్క వీలైనంత పొట్టిగా ఉండాలి. అర మీటరు మునిగితే చాలు, బలం సగమైపోతుంది. లేదంటే ఆ లైనుకి లావు వైరు వేసి చిన్న ఎంసీబీ పెట్టమను. జంక్షన్ బాక్సులు పొర కింద పూడ్చకూడదు. మూత తెరవడానికి చెయ్యి పట్టేంత చోటు వదలాలి. గదిలో సీలింగులో పొదిగే గుండ్రటి లైట్లు పెట్టిస్తానంటున్నావు కదా, వాటి వెనక ఖాళీ ఉండాలి, వాటి డ్రైవరు పెట్టెలు పొర పైన పెట్టాలి గానీ పొరలో దూర్చకూడదు. దీనికంటే సీలింగు కిందికి తగిలించే మామూలు ట్యూబు లైటు నయం, అటకకి కన్నం పెట్టే పనే ఉండదు.

ఏసీకి మెయిన్ బోర్డు నుంచి విడిగా లైను. ఫోర్ స్క్వేర్ రాగి వైరు, దానికో ఎంసీబీ. అది అటక మీంచి కాకుండా బయట గోడ వెంట తెప్పించు, అందం తక్కువైనా పరవాలేదు. గీజరుకి ఇంకో లైను. మొత్తం ఇంటికి 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించు. ఎంసీబీ వైరుని కాపాడుతుంది, మనిషిని కాపాడేది ఆర్‌సీసీబీ. మనిషి ఒంట్లోంచి కరెంటు భూమిలోకి పోతుంటే అది కనిపెట్టి రెప్పపాటులో ఆపుతుంది. ఎర్తింగు సరిగ్గా ఉందా లేదా చూపించు, వేసవిలో ఎర్తు గుంట ఎండిపోతుంది, నీళ్లు పోయాలి. వెనక గదిలో మెరుపు షీటు వేయకుండా ఉండలేమంటే, వైర్లన్నీ పైపుల్లోకి మారాక, మెయిన్ ఆపి, పిన్నులతో కాకుండా జిగురు టేపుతోనో ప్లాస్టిక్ బిగింపులతోనో పెట్టించు. ఇనప గొట్టాలకి ఎర్తు కలపమని మా తమ్ముడికి చెబుతాను.

పొర కప్పేముందు చివరగా మెగ్గర్ పరీక్ష. అయిదొందల వోల్టుల పెట్టె ఒకటి పెట్టి ప్రతి లైనూ చూస్తారు. ఒక మెగా ఓమ్‌కి తగ్గితే ఎక్కడో లీకుంది, కప్పకూడదు. కప్పేశాక చూస్తే ఏం దొరుకుతుంది? ఆ లెక్కలు కాగితం మీద రాయించుకుని మెయిన్ బోర్డు తలుపు లోపల అంటించు. వైర్లు ఎక్కణ్ణించి ఎక్కడికి పోయాయో ఫోన్‌తో ఫొటోలు తీసిపెట్టు, రేపెవడో ఫ్యాను కొక్కెం కోసం డ్రిల్ పెడితే పనికొస్తాయి.

“ఇన్ని సెప్పీసరికి మీ అన్నయ్య నన్ను తినీస్తాడు. రేపే కుర్రాళ్లని రమ్మన్నాడు.”

అన్నయ్యతో నేను మాట్లాడతాను, ఫోన్ ఇటివ్వు. కుర్రాళ్లని రేపు రప్పించు, ఖాళీ ఉంచక్కర్లేదు, రేకుల మీద తెల్లరంగు వేయించు. మెయిన్ కట్టేసి, ఆ సర్వీసు వైరున్న మూల వదిలేసి, చల్లపొద్దులో పదింటి లోపల దిగిపోవాలని చెప్పు. అటక పని మా తమ్ముడొచ్చాక. థర్మాకోల్ కట్టలు వరండాలో పొయ్యికి దూరంగా పెట్టించు. అమ్మాయి వచ్చేది ఎప్పుడు? ఇరవయ్యో తారీకా? అయితే రోజులున్నాయి. ఆలోపు అంతా అవుతుంది. తాడు ఉందా మీ ఇంట్లో? లేకపోతే మా పెరట్లో కొత్తది ఉంది, ఉండు, తెచ్చిస్తాను.